దగ్గుకి బిళ్లలు కొంటాం, ఊపిరి మాత్రం లెక్కపెట్టం

వానలు మొదలైతే చాలు మెడికల్ షాపుల దగ్గర ఒకటే మాట, "అన్నా దగ్గు తగ్గట్లే, ఏదన్నా గట్టిది ఇవ్వు". ఆయన అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ షీటు తీసిస్తాడు, దాని మీద ఎర్ర గీత ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని, అది ఇచ్చేవాడూ చూడడు కొనేవాడూ చూడడు. మామూలు వైరస్ దగ్గు అయితే ఎలాగూ తగ్గేదే, క్రెడిట్ బిళ్లకి పోద్ది. కానీ నిజంగా నిమ్ము, అంటే న్యుమోనియా పట్టినవాడు కూడా అదే షీటుతో నాలుగు రోజులు నెట్టుకొస్తాడు చూడండి, తంటా అక్కడ.

న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా చాలామంది ముక్కులో, గొంతులో ఊరికే ఉంటుంది. అది కిందికి జారి ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల్లో చేరి పెరిగిపోతే, అక్కడ కాపలా ఉండే కణాలు తట్టుకోలేక తెల్లరక్తకణాల్ని పిలుస్తాయి, వాటితో పాటు నీరు, చీము వచ్చి గాలి ఉండాల్సిన చోటంతా నిండిపోద్ది. రక్తం మాత్రం అటు నుంచి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ ఎక్కకుండానే. ఆయాసం అందుకే.

కాబట్టి చూడాల్సింది ఊపిరి. పిల్లాడు ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట చూస్తూ నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. 2 నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50, ఆపైన ఐదేళ్ల దాకా 40, అంతకొచ్చిందంటే నిమ్ము అనుమానించాల్సిందే, డొక్కలు ఎగరేస్తుంటే ఇంక లెక్కలు మానేసి ఆస్పత్రికి పోవాలి. పెద్దాళ్లకి 30 అంటే సీరియస్సే. ముసలాళ్లకైతే జ్వరం కూడా రాకపోవచ్చు, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడతారు, మనం వయసు మీద పడిందిలే అనుకుంటాం.

చిన్నపిల్లల నిమ్ముకి ఇప్పటికీ ముందు ఇచ్చేది పాత అమాక్సిసిలిన్నే. అజిత్రోకి లొంగని న్యుమోకాకస్ మన దగ్గర ఎక్కువే ఉంది. దానికన్నా నాకు భయం లెవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అంటే, అది టీబీ మీద కూడా కొంత పనిచేస్తుంది, వారం వాడితే టీబీ ఉన్నోడికి తగ్గినట్టే అనిపిస్తుంది, తెమడ పరీక్షలో కూడా దొరక్కపోవచ్చు, ఈలోపు ఇంట్లో వాళ్లకి అంటిస్తాడు. 2014 నుంచి ఈ మందు, చీటీ ఉంటేనే అమ్మాల్సిన హెచ్1 లిస్టులో ఉంది, అమ్మితే పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. రాసేవాళ్లెంతమంది?

న్యుమోకాకస్ టీకా విషయంలో మాత్రం సర్కారుని మెచ్చుకోవాలి, 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలెట్టి 2021లో దేశమంతా ఫ్రీ చేశారు, 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి. మిగతాదానికి షాపుల మీద రైడ్లు చేస్తే అవుద్దని నేననుకోను, ఎక్స్‌రే తీయించాలంటే ఒక రోజు కూలి పోయే ఊళ్లో జనం ముందు ఆర్ఎంపీ దగ్గరికే పోతారు. ఎవరికన్నా కోపం వచ్చినా సరే, ఆ ఆర్ఎంపీ చేతిలో రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఒక పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, 94 కన్నా తగ్గితే ఇంజెక్షన్ పొడవకుండా వెంటనే పెద్దాస్పత్రికి పంపించెయ్యమని నేర్పడం ముందు చేయాల్సిన పని.