కత్తెరకు తెగిన ఎర్ర గీత

సాయంత్రం ఏడు దాటాక ఏ ఊళ్లోనైనా మెడికల్ షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఈ దృశ్యం కనిపిస్తుంది. పని నుంచి నేరుగా వచ్చిన మనిషి, 'మూడు రోజుల్నుంచి గొంతునొప్పి, దగ్గు. తెల్లారి డ్యూటీకి పోవాలన్నా, ఏదైనా పవర్‌ది ఇవ్వు' అంటాడు. కౌంటర్ వెనకున్న కుర్రాడు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు తీసి కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరిస్తాడు. రెండు పారాసిటమాల్ కలిపి చిన్న కాగితం కవర్లో వేసి, పొద్దునొకటి, రాత్రొకటి అని చెప్తాడు. కుర్రాడు డాక్టరు చీటీ అడగడు, వచ్చిన మనిషి బిల్లు అడగడు. ఆ స్ట్రిప్పు మీద, డాక్టరు రాయనిదే వాడొద్దని చెప్పే ఎర్ర గీత ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది షాపులో మిగిలిన ముక్కతోనే ఉండిపోతుంది. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ కూడా అంతే.

ఎర్ర గీత గురించి జనానికి చెప్పాలని కేంద్రం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. ఆలోచన మంచిదే. కానీ ఆ గీత యాంటీబయాటిక్‌ల మీదే కాదు, బీపీ మాత్రల మీదా ఉంటుంది. రోజూ బీపీ మాత్ర వేసుకునే పెద్దాయనకు దాన్ని చూస్తే ప్రమాదం ఎందుకు గుర్తొస్తుంది? అంతకు రెండేళ్ల ముందు, 2014 మార్చి నుంచి, కొన్ని మందుల అమ్మకంపై కట్టడి పెట్టే షెడ్యూల్ హెచ్1 నిబంధన అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్ ఆ జాబితాలోనిదే. అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చారో రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా కౌంటర్ దగ్గర దాని జాడ కనిపించదు.

జనాన్ని తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 12 దేశాల్లో సర్వే చేసినప్పుడు, మన దేశంలో అడిగినవారిలో 75 శాతం మంది జలుబు, ఫ్లూ యాంటీబయాటిక్‌తో తగ్గుతాయనే అనుకున్నారు. అవి వైరస్ వల్ల వస్తాయని, బాక్టీరియాపై పనిచేసే ఆ మందు వైరస్‌ను ఏమీ చేయలేదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు ఎవరు? జలుబు మందు వేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మన పెద్దలు అనేవారు. యాంటీబయాటిక్ వేసుకున్న మూడో రోజుకు జలుబు దానంతటదే తగ్గితే ఆ పేరు మందుకు వస్తుంది. వచ్చేసారి అదే మందు పేరు చెప్పి అడుగుతారు.

అవసరం లేకుండా వాడేకొద్దీ బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా తయారవుతుంది. దీని మూల్యం చిన్నది కాదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియానే నేరుగా కారణమని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. అందులో మన దేశం వాటా దాదాపు 3 లక్షలు. పుట్టిన నాలుగో రోజున రక్తంలో ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో చేరిన పసికందు, క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న తల్లి, కాన్పు తర్వాత కుట్లు చీము పట్టిన బాలింత... మందు పనిచేయకపోతే ముందు పోయేది వీళ్లే. మనం జలుబుకు ఖర్చుపెట్టేసిన మందు వీళ్ల ప్రాణానికి అవసరమైనది.

ప్రచారం వల్ల అలవాట్లు మారతాయా అంటే మారతాయి. అందుకు ఫ్రాన్స్ సాక్ష్యం. ఒకప్పుడు యూరప్‌లో అందరికంటే ఎక్కువగా యాంటీబయాటిక్‌లు వాడిన దేశం అది. 2002లో అక్కడి ఆరోగ్య బీమా సంస్థ 'యాంటీబయాటిక్ అంటే ఆటోమేటిక్ కాదు' అని అర్థం వచ్చే చిన్న నినాదంతో టీవీల్లో, రేడియోల్లో ప్రచారానికి దిగింది. జలుబులు ఎక్కువయ్యే చలికాలాన్నే ఎంచుకుంది. ఐదు చలికాలాలు తిరిగేసరికి యాంటీబయాటిక్ ప్రిస్క్రిప్షన్లు 26 శాతానికి పైగా తగ్గాయి. పిల్లల్లో ఇంకా ఎక్కువ. అయితే అది నినాదం ఒక్కదానివల్లే జరగలేదు. గొంతునొప్పి బాక్టీరియాదో వైరస్‌దో అక్కడికక్కడే తేల్చే టెస్ట్ కిట్లను డాక్టర్లకు ఉచితంగా ఇచ్చారు. జనం అడగడం తగ్గింది, కాదని చెప్పడానికి డాక్టరు చేతికి ఆధారం దొరికింది. తర్వాతి ఏళ్లలో పట్టు సడలితే వాడకం మళ్లీ పెరగడం మొదలైంది. 2010లో నినాదం మార్చి మళ్లీ జనం ముందుకు రావాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు, పక్కనే కేరళ ఉంది. ఈ సమస్యపై 2018లోనే సొంత కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపులపై తనిఖీలు మొదలుపెట్టింది. యాంటీబయాటిక్‌లను ప్రత్యేకంగా నీలి రంగు కవర్లో ఇవ్వాలంది. వాడకం 20 నుంచి 30 శాతం తగ్గిందని ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రి చెప్పారు. ఆ నీలి కవరును మేము ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాం. కత్తెర ఎర్ర గీతను వదిలేసినా మందు కవరులోనే ఇంటికి వెళ్తుంది. ఇదేదో మామూలు గోలీ కాదని చదువురాని అవ్వకు కూడా తెలుస్తుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఏం జరుగుతోంది? ఏటా నవంబర్ 18 నుంచి 24 వరకు ఈ మందుల వాడకంపై అవగాహన వారం వస్తుంది. మెడికల్ కాలేజీల్లో బ్యానర్లు, సెమినార్లు, ప్రతిజ్ఞలు జరుగుతాయి. విన్నవాళ్లంతా అప్పటికే విషయం తెలిసినవాళ్లే. మన దగ్గర జ్వరాల సీజన్ నవంబర్‌లో కాదు, వానలు పడగానే మొదలవుతుంది. మాట చెప్పాల్సిన చోటు మెడికల్ షాపు కౌంటరు, ఊళ్లో ఆర్‌ఎంపీ అరుగు, ఆశ కార్యకర్త వెళ్లే ప్రతి ఇల్లు. ఆర్‌ఎంపీలను పక్కనపెట్టి పల్లెల్లో ఏ ప్రచారమూ నిలవదు. సూది వేయకపోతే వైద్యమే కాదని జనం అనుకునేది వాళ్ల దగ్గరే. అక్కడ కూర్చుని మాట్లాడాలి. రొయ్యల చెరువుల్లోనూ యాంటీబయాటిక్‌లు వాడతారు కాబట్టి ఆ రైతులతోనూ వేరుగా మాట్లాడాలి.

మన బాధ్యతకు మరో కారణం ఉంది. ఈ మందులు తయారయ్యే ప్రాంతం మనది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అది ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. గోలీ మానమని కూలివాడికి చెప్పే ప్రభుత్వం ఫ్యాక్టరీ గొట్టం దగ్గర కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. అప్పుడే ఆ మాటకు విలువ ఉంటుంది.

ఈ వానాకాలానికల్లా చేయగలిగిన పని ఒకటుంది. మూడు వందలు ఫీజు కట్టి, రెండు గంటలు కూర్చుని, చీటీ లేకుండా ఇంటికి వెళ్లమంటే ఎవరికైనా మనసొప్పదు. డాక్టర్లకూ అదే టెన్షన్. అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ ఇందుకోసమే ఒక చీటీ తయారుచేసింది. మందుకు బదులు జాగ్రత్తలు రాసి, రోగి పేరు వేసి ఇస్తారు. అలాంటిది తెలుగులో అచ్చేసి ప్రతి పీహెచ్‌సీకీ, ప్రతి బస్తీ దవాఖానకూ పంపాలి. అందులో రాయాల్సింది ఎక్కువేమీ లేదు. 'మీకు వచ్చింది వైరస్ జలుబు. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. గోరువెచ్చని నీళ్లు, విశ్రాంతి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు, భయం లేదు. ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా, బిడ్డ పాలు తాగకపోయినా వెంటనే రండి.' కింద డాక్టరు సంతకం.