బెజవాడలో జపాన్ స్పోర్ట్స్ కారు కావాలంటే సిటీ వీటెక్ కొనండి, అదీ ఎండాకాలంలో

డాలస్ గరాజ్‌లో మాజ్దా మియాటా, న్యూజెర్సీ ఇంటి ముందు హోండా ఎస్2000 లాంటి జపాన్ స్పోర్ట్స్ కార్లు పెట్టుకున్న మనవాళ్లు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు: తిరిగొచ్చేటప్పుడు దీన్ని బెజవాడ తెచ్చుకోవచ్చా? కుదరదు. వాడిన కారును మన దేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో కొన్న పాత మియాటాకి ఈ రెండూ కుదరవు. కుడి స్టీరింగ్ కొత్త బండే అయినా, కట్టాల్సిన సుంకం దాని విలువను మించిపోతుంది. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారును ఎవరైనా తెప్పించుకోవచ్చు. 1999లో జపాన్‌లో వచ్చిన నిస్సాన్ ఆర్34 స్కైలైన్ జీటీ-ఆర్ ఇప్పుడు అక్కడి రోడ్ల మీద దర్జాగా తిరుగుతున్నది అందుకే. మన చట్టం దానికి సరిగ్గా ఎదురు.

అందుకే ఆ మోజును ఇక్కడే తయారై, ఇక్కడే రిపేరయ్యే బండి మీదికి మళ్లించుకోవడం మేలు. మా ఓటు హోండా సిటీ 1.5 వీటెక్‌కి. ఇంజన్ జోరు పెరిగినప్పుడు వాల్వులను మరింతగా తెరిపించే హోండా ఏర్పాటు పేరే వీటెక్. 1998లో మన దేశానికి వచ్చిన మొదటి సిటీలో, 2003లో ఆ మోడల్ ఆగిపోయేముందు వచ్చిన రకం ఇది. 1,493 సీసీ ఇంజన్, 106 హార్స్‌పవర్, అదీ 6,800 ఆర్‌పీఎం దగ్గర. బరువు టన్ను అటూ ఇటూ. దీని తర్వాత వచ్చిన సిటీకి 77 హార్స్‌పవరే ఇచ్చారు. ఆ తేడా తెలిసినవాళ్లు పాతదాన్ని అమ్మకుండా దాచుకున్నారు. నాలుగు డోర్లున్నది స్పోర్ట్స్ కారెలా అవుతుందని అడిగేవాళ్లు ఒక్కసారి దాన్ని రెండో గేర్‌లో 5,000 దాటించి చూడాలి.

నిస్సాన్ 370జెడ్, మిత్సుబిషి ఈవో టెన్ కూడా మన దేశంలో అధికారికంగా అమ్మినవే, అరుదుగా దొరుకుతాయి. కానీ బంపర్ పగిలితే విదేశం నుంచి వచ్చేదాకా బండి కదలదు. సిటీకి ఆ బాధ తక్కువ. ఆటోనగర్‌లో లేత్, రేడియేటర్, డెంటింగ్, ఎలక్ట్రికల్ షాపులన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఆ తరం హోండా ఇంజన్ విప్పి బిగించిన మేస్త్రీలు ఇంకా పనిలో ఉన్నారు.

బండి చూడకముందే ఆర్సీ ఫొటో తెప్పించుకోండి. ఏపీ16 కృష్ణా జిల్లాది, ఏపీ07 గుంటూరుది. రాష్ట్రమంతటికీ ఏపీ39 వచ్చింది 2019లో. 2002 నాటి బండికి ఏపీ39 కనిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి. ఏపీ09, ఏపీ10 చూసి మన రాష్ట్రం బండే కదా అనుకోవద్దు. అవి హైదరాబాద్, సికింద్రాబాద్ నంబర్లు, విభజనతో తెలంగాణకు పోయాయి. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. ఢిల్లీ బండి చవకన్నదీ అంతే. అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలుండటం వల్ల తక్కువకి వదిలించుకుంటారు, ఇక్కడికి తెచ్చి పన్ను కట్టేసరికి ఆ లాభం కరిగిపోతుంది. బ్యాంకు అప్పు ఆర్సీలో అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి. ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 అమ్మేవాళ్లే తేవాలి.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 రూపాయలైంది. గ్రీన్ ట్యాక్స్ వేరు. ‘రెన్యువల్ మీరు చేయించుకోండి, ధర తగ్గిస్తాం’ అనే మాట వినిపిస్తే ఆ బేరం అక్కడితో ఆపేయండి. ఫిట్‌నెస్‌లో పాసయ్యే బండైతే వాళ్లే చేయించి పైధరకి అమ్ముకునేవాళ్లు. మోడరన్ క్లాసిక్ అన్న పేరుకి ఆర్టీఏ దగ్గర ఏ రాయితీ లేదని కూడా గుర్తుంచుకోండి. 2021 వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బళ్లకే. 2001 సిటీకి ఆ హోదా 2051 దాకా రాదు.

విజయవాడలో ఏ పాత కారు కొన్నా బుడమేరు సంగతి తేల్చుకోవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగినప్పుడు కార్లు కూడా రోజుల తరబడి నానాయి. వాటిలో కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికొచ్చాయనే అనుకుని చూడాలి. సీటు బెల్టు పైపైన లాగి వదలకుండా రీలు చివరికంటా లాగండి, లోపలి గజంలో బురద చార కనిపిస్తుంది. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, డోర్ దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తితే అడుగున ఒండ్రు ఉందా చూడండి. ఆ తరం హోండాల్లో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పాసింజరు కాళ్ల దగ్గరే ఉంటుంది, అంటే నీళ్లు ముందుగా చేరే చోటే. దాని కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఆ బండి ఎంతకిచ్చినా వద్దు. నీళ్లు తాగిన వైరింగ్ ఆర్నెల్లు బాగానే పనిచేసి ఆ తర్వాత రోజుకో చోట మొరాయిస్తుంది.

ఇంజన్ దగ్గరికొస్తే ముందు అది వీటెక్ అవునో కాదో తేల్చండి. మామూలు సిటీ డిక్కీ మీద వీటెక్ బ్యాడ్జ్ అతికించడం రెండు నిమిషాల పని. సిలిండర్ హెడ్ పక్కన వైరుతో బిగించిన సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే ఆయిల్ వాల్వు) ఉండాలి, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం కలవాలి. ఈ ఇంజన్‌కి చైన్ ఉండదు, టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి, హెడ్ దించాల్సిందే. ఈ మధ్యే మార్చామన్న మాట నమ్మొద్దు, బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కొన్న వారంలోనే బెల్టు, టెన్షనర్, వాటర్ పంప్, క్యామ్, క్రాంక్ సీళ్లు అన్నీ ఒకేసారి మార్పించండి. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కూలీ రెండుసార్లు అవుతుంది. ఆ ఇంజన్ అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. అలవాటు కొద్దీ కుడివైపు తిప్పి బెల్టు బిగిస్తే టెన్షన్ తప్పుతుంది. పని మొదలుపెట్టకముందే మేస్త్రీని ఈ ఒక్క సంగతి అడగండి, ఆయనకి హోండా తెలుసో లేదో తేలిపోతుంది.

సిలిండర్ల లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇంజన్ వేడిగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూస్తే ఏ సిలిండరూ 135 పీఎస్ఐ కంటే తగ్గకూడదు, వాటి మధ్య తేడా 28 దాటకూడదు. వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, మాత్రం ఇంజన్ రాత్రంతా చల్లారాక ఉదయమే చూడాలి. ఇన్‌టేక్‌కి 0.20, ఎగ్జాస్ట్‌కి 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పించండి, లోపల ఎర్రటి పొడి రాలి ఉంటే బేరింగ్ పోయిందని అర్థం, అది ఎప్పుడైనా దారిలో ఆపేస్తుంది.

ఆ తరం హోండాలకి ఉన్న అసలు జబ్బు మెయిన్ రిలే. డ్యాష్‌బోర్డ్ కింద ఉండే ఈ చిన్న పెట్టె ఈసీయూకి, పెట్రోల్ పంపుకి కరెంటు ఇస్తుంది. లోపలి టంకం ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, వెంట్రుకవాసి పగుళ్లు పడుతుంది. చలికాలంలో ఆ పగుళ్లు కలిసే ఉంటాయి, బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. మే నెలలో బందరు రోడ్డు మీద అద్దాలు మూసి అరగంట ఎండలో పెట్టి వస్తే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు పంపు చప్పుడు వినిపించాలి. అది వినిపించకపోతే, డోర్లు తెరిచి పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయితే, రిలేనే. పెట్టె విప్పి టంకం మళ్లీ వేయడం ఎలక్ట్రానిక్స్ రిపేర్ చేసే ఎవరికైనా అరగంట పని. ఇది తెలియక పంపు మార్చి, డిస్ట్రిబ్యూటర్ మార్చి, చివరికి ఈసీయూ మీద పడి డబ్బు తగలేసినవాళ్లు బోలెడుమంది.

మా గట్టి అభిప్రాయం ఇక్కడే ఉంది. మనవాళ్లు సెలవు పెట్టుకుని వచ్చేది డిసెంబర్, జనవరిలో. సంక్రాంతి ముందు నాలుగు బళ్లు చూసి, ఒకటి నచ్చి, పండగ లోపు డబ్బు కట్టేస్తారు. ఈ బండి లోపాలన్నీ దాక్కునే కాలం అదే. రిలే పగుళ్లు, సగం పూడిన రేడియేటర్, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్, చల్లదనం తగ్గిన ఏసీ, ఒక్కటీ సంక్రాంతి చలిలో బయటపడదు. కొనే బండిని ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం చూడాలి. ఏసీ వేసి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పావుగంట, తర్వాత వారధి దాటి మంగళగిరి మీదుగా కాజ టోల్‌గేట్ దాకా. వేడెక్కిన ఇంజన్‌ని రెండో గేర్‌లో పైకి లాగితే 5,000 దగ్గర మోత మారి, ఊపు పెరగాలి. మారకపోతే ముందు ఆయిల్ మట్టం, తర్వాత సోలినాయిడ్ జాలీ చూపించండి. వీటెక్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీదే. యాక్సిలరేటర్ వదిలి కాసేపు వేగం దిగనిచ్చి మళ్లీ తొక్కినప్పుడు నీలిపొగ వస్తే వాల్వ్ సీళ్లు, తొక్కినంతసేపూ వస్తుంటే రింగులు. సీళ్లు చిన్న ఖర్చు, రింగులంటే ఇంజన్ మొత్తం విప్పడమే. తిరిగొచ్చి బండి ఎండలో ఆపి, ఇరవై నిమిషాలాగి స్టార్ట్ చేయండి.

మార్పులు చేసిన బండి జోలికి పోవద్దు. తయారీదారు ఇచ్చిన రూపం మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోయేది అలాంటివే.

కొన్నాక పెట్రోల్ గురించి ఆలోచించాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2002 నాటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు, మెత్తబడి చెమరుస్తాయి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఫ్యుయల్ హోసులు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. అలాంటి హోసులు, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, కొత్త రిలే అమెరికా నుంచి సూట్‌కేసులో తేవచ్చు, కానీ కొనేముందు పాతదాని మీది పార్ట్ నంబరు ఫొటో తీసి సరిచూసుకోండి. ఈ సిటీ మొదట 1996లో థాయిలాండ్‌లో వచ్చింది, బాడీ భాగాలకి వెతకాల్సింది అక్కడే.

ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పదకొండు నెలలు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవర్ కింద పడుకున్న బండి ట్యాంకులో అడుగున నీళ్లు చేరతాయి, ఇంజెక్టర్లు పూడతాయి, టైర్లు ఒకే చోట అణిగి గట్టిపడతాయి, బ్రేక్ కాలిపర్లు పట్టేస్తాయి. వారానికోసారి కనీసం ఇరవై కిలోమీటర్లు, ఏసీ వేసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడపాలి. సెల్లార్‌లోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం నడపకపోవడం కంటే అన్యాయం, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడి రాదు.

కాబట్టి ఆర్సీ ఎవరి పేరు మీద, తాళం ఎవరి చేతిలో అన్నది బండి చూడకముందే తేలాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి బరువైన క్లచ్ అప్పగించొద్దు. బళ్లంటే ఇష్టమున్న బావమరిదో, మేనల్లుడో బెజవాడలోనో గుంటూరులోనో ఉంటే ఆర్సీ, ఇన్సూరెన్స్ వాళ్ల పేరు మీదే పెట్టండి. బండి చేతులు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మార్పుకి రాసివ్వాలి, లేకపోతే సొంత డ్యామేజీకి క్లెయిమ్ దొరకదు. మేలో మీరు రాలేకపోతే టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లనే పంపండి, కంప్రెషన్ గేజ్ ఉన్న మేస్త్రీకి ఆ పూట కూలీ మీరిచ్చి తోడు పంపండి. అలాంటి మనిషి దొరికేదాకా బండి కోసం వెతకొద్దు.