సవరణ: మందు మానేశాక మూడో రోజు

రోజూ తాగేవాళ్లు మానేశాక రెండు రోజులు గడిస్తే గండం గడిచినట్టేనని కిందటి పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. వణుకు, చెమటలు మొదటి రోజే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల్లోపు వస్తాయి. అసలు ప్రమాదం డెలీరియం ట్రెమెన్స్, అంటే మనిషి అయోమయంలో పడి, వణుకుతూ, లేనివి ఉన్నట్టు చూసే స్థితి. అది మొదలయ్యేది సాధారణంగా 2-4 రోజుల మధ్య. అక్కడ లేని పురుగుల్ని మనిషి దుప్పటి మీంచి ఏరుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ లోరాజెపామ్ లేదా డయాజెపామ్ అనే శాంతపరిచే మందు ఇస్తారు. గ్లూకోజ్‌కు ముందే, లేదా దాంతోపాటే, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. "నీరసానికి ఒక సెలైన్ పెట్టించాం" అంటే సరిపోదు.

తెలంగాణలో కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకూ ఇదే జాగ్రత్త: అందులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ రావచ్చు.