వెనక కుడి చక్రం బుష్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ గారి దివ్య సముఖమునకు,

తిరుపతి నుంచి ఓ పాత స్పోర్ట్స్ కారు ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు చిరిగిపోయారు, నేను చితికిపోయాను కనుక ఆ ముక్క దాటేసి నేరుగా విషయానికొస్తాను.

కారు జర్మనీది, సీట్లు రెండు, వయసు పదిహేనేళ్లు. దాని ఇంజిన్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లున్నారు. పైకప్పు తెరిస్తే లీలామహల్ సర్కిల్‌లో సెల్ఫీలు దిగేవాళ్లున్నారు. మీ పేరెత్తినవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడు లేడు. అరచేతిలో పట్టే సైజు మీది. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో ఇనుప గొట్టం, రెంటికీ మధ్య అతికించిన రబ్బరు. అంతే మీ ఆస్తి. వెనక చక్రాన్ని మోసే పొడుగాటి ఆర్మ్ ముందు కొస బాడీకి తగులుకునేది మీ ద్వారానే. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మీరు మెలితిరిగి మళ్లీ సర్దుకోవాలి. రోడ్డు దెబ్బ నా వెన్నుదాకా రాకుండా మింగాలి. ఇన్నేళ్ల చాకిరీ తర్వాత మీరు పోయారంటే తప్పు పట్టను. పోయిన సంగతి పైకి పొక్కనీయకుండా అందరి మీదా నింద వేయించారే, దానికే ఈ లేఖ.

మొదట బలైనవి షాకబ్జర్లు. వెనక 'టక్'మంటోందని చెప్పగానే మెకానిక్ వంగి చూసే శ్రమ పెట్టుకోలేదు. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కి, "షాకబ్జర్లు పోయుండాయి సార్, మార్చేస్తే సరిపోతాది" అన్నాడు. ఆ తీర్పుకు అప్పీలు లేదు. పాపం ఆ రెండూ చుక్క ఆయిల్ కారకుండా పొడిగా ఉన్నాయి. కాణిపాకం కోనేట్లో మునిగి ప్రమాణం చేయడానికైనా సిద్ధమే. ఎవరు వింటారు? కొత్తవి చెన్నై నుంచి వచ్చాయి, బిల్లు కూడా వచ్చింది, 'టక్' మాత్రం ఎక్కడికీ పోలేదు. తర్వాత లింక్ రాడ్లు మారాయి. ఆ తర్వాత టైర్లు. ఇదంతా విని మా బావ, "కారు కొన్నాక అలిపిరిలో పూజ చేయించినావా లేదా?" అన్నాడు. చేయించాను బావా, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించి మరీ. బుష్ గారూ, అందులో ఒక కాయ నలిగింది మీకు మూరెడు దూరంలోనే. మీరు కిక్కురుమనలేదు.

ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన దిక్కుకు చూస్తున్నాయో లేదో కొలిచి సరిచేయడం. ఆ కంప్యూటరు తెర మీద వెనక కుడి టో, అంటే చక్రం ఎంత పక్కకి చూస్తోందో చెప్పే అంకె, ఎర్రగా వెలిగింది. కుర్రాడు నట్టు తిప్పి పచ్చ చేసి "ఓకే సార్" అన్నాడు. కారును రెండడుగులు వెనక్కీ ముందుకీ తోసి మళ్లీ కొలిస్తే అంకె వేరే. మెషిన్ పాడైందేమోనని ఆ కుర్రాడు దాన్ని కూడా రెండు తట్టాడు. మెషిన్ ఏం చేస్తుంది? చిరిగిన రబ్బరులో ఆర్మ్ తన ఇష్టం వచ్చినట్టు జరుగుతుంటే అది చూపించేది ఆ ఒక్క క్షణం నిజమే. బ్రేకు వేస్తే చక్రం వెనక్కి, యాక్సిలరేటర్ తొక్కితే ముందుకి. జరిగిన ప్రతిసారీ చక్రం చూసే దిక్కు కూడా కాస్త మారుతుంది. ముందు నేను స్టీరింగ్ పట్టుకుంటే వెనక మీరొకటి పట్టుకున్నారన్నమాట.

దీని మజా కొండ దిగేటప్పుడు తెలిసింది. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. 40 నిమిషాలకు ముందే కింద తేలకూడదని నిబంధన, జీపుకైనా నా కారుకైనా ఒకటే. కాబట్టి వేగం చూపించానని మీరు నా మీద తోయలేరు. ఒక్కో మలుపులో బ్రేకు తాకగానే కారు తోక పక్కకి జరిగి, మళ్లీ బుద్ధి తెచ్చుకునేది. మా ఆవిడ గోవింద నామాలు గొంతెత్తి అందుకుంది. టాపు తీసి ఉంది కదా, వెనక జీపులోవాళ్లు భక్తి అనుకుని బదులు పలికారు.

మీకు తోడుదొంగ ఒకడున్నాడు, మా వీధి స్పీడ్ బ్రేకర్. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రంగా తిరిగి ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. మా వీధిలోది వెడల్పు మూరెడు, ఎత్తు జానెడు. నా కారు కింద ఖాళీ జానెడు కూడా లేదు. ఆయనకు వేరే లేఖ రాస్తాను.

చివరికి మిమ్మల్ని పట్టించింది రేణిగుంట రోడ్డులో పంచరు వేసే కుర్రాడు. టైరు విప్పి, దాని మీద అరచేతిని అడ్డంగా రుద్దాడు. ఒక దిక్కు నున్నగా పోయింది, ఎదురు దిక్కు రంపం పళ్లలా గీరుకుంది. "అన్నా, బయట చూస్తే కొత్త టైరు. లోపలెడ్జులో వైరు కనపడతా ఉంది. కింద ఏందో ఆడతా ఉండాది" అన్నాడు. పక్కనే లారీ షెడ్డు, అందులో గుంట. కారును గుంట మీదికి తెచ్చి, టైరు విప్పే లివరునే ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య దూర్చి నెట్టాడు. 'టక్'. ఇంత ఖర్చు పెట్టించిన ఆ శబ్దం, చేత్తో పిలిస్తే పలికింది. మొబైల్ టార్చి వెలుగులో తమరి దర్శనమైంది. రబ్బరు ఒకవైపు అర్ధచంద్రాకారంగా చిరిగి, లోపలి గొట్టం ఓ పక్కకి ఒరిగిపోయి, చుట్టూ నల్లటి పొడి. స్ప్రింగు కింది చుట్టు విరిగిందేమోనని కూడా వేలితో తడిమి చూశాడు. అది బాగానే ఉంది.

మీ వారసుణ్ణి తేవడం ఇంకో పురాణం. పాత కార్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటలో ఆర్మ్‌తో సహా దొరుకుతుందన్నారు. దొరికింది, మీ వయసుదే. లేత్ షాపాయన నైలాన్‌తో చేసిస్తాను, జన్మలో పోదన్నాడు. పోదు నిజమే, మెలి కూడా తిరగదు. రోడ్డు మీది ప్రతి గులకరాయీ నా నడుముకు సొంత పరిచయం అవుతుంది. కొత్త రబ్బరు బుష్ వచ్చేదాకా ఆగి, ఒత్తి దూర్చే ప్రెస్ మెషిన్‌లో ఎక్కించాం. బోల్టు బిగించేటప్పుడు మళ్లీ గొడవ. కారు జాకీ మీద ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి. "ఇట్లే బిగించేద్దాం సార్, ఏమైతాది?" అన్నాడు మెకానిక్. ఏమవుతుందంటే, ఆ బోల్టు లోపలి గొట్టాన్ని ఉన్నచోటే పట్టేస్తుంది. తర్వాత కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఆగి ఉన్నా నడుస్తున్నా అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. అందుకని చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచుదాకా ఎత్తు, కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడే కొలిచి పెట్టుకున్నాను. హబ్ (చక్రం బిగించే నడిభాగం) కింద జాకీ పెట్టి అంత ఎత్తుకు లేపాకే బిగించనిచ్చాను. ఆ షెడ్డులో ఇప్పుడు నా పేరు 'టేపు సార్'.

ఆ తర్వాత అలైన్‌మెంట్‌లో ఎన్నిసార్లు తోసి కొలిచినా అంకె కదల్లేదు. మెషిన్‌ను తట్టిన కుర్రాడు దానికి మనసులో క్షమాపణ చెప్పుకునే ఉంటాడు.

ఇట్లు,
మీ బాధితుడు

తాజాకలం: ఎడమవైపు బుష్ గారిని కూడా మార్పించాను. ఆయన మీద ఫిర్యాదేమీ లేదు. కానీ మీకు కవల కదా, నమ్మకం కుదరలేదు. పాత షాకబ్జర్లు రెండూ ఇంట్లోనే ఉన్నాయి, చుక్క ఆయిల్ కారవు. కొనేవాళ్లు దొరికితే తోలండి.