అమ్మగారి పలక, మా అమ్మ సంతకం

గుంటూరులో ఉపాధ్యాయినిగా, పాస్టరు గారి భార్యగా జీవించి ఇటీవల ప్రభువునందు నిద్రించిన అమ్మగారిని గురించి వచ్చిన వ్యాసం చదివాక, ఆవిడ దగ్గర రెండో తరగతి చదివిన నేను నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను. వ్యాసంలో సంఘ సేవ గురించి వివరంగా ఉంది గానీ బడి గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. ‘ళ’ రాయడం రాక నేను ఏడుస్తుంటే, నా వెనుక కూర్చుని, బలపం పట్టిన నా వేళ్లను తన చేతిలోకి తీసుకుని పలక నిండేదాకా దిద్దించారు. ఆవిడ కొంగుకు అంటిన సుద్దపొడి నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది.

సాయంత్రం అయ్యగారి (పాస్టరు గారి) కోసం వచ్చినవారికి మజ్జిగ ఇచ్చి, పొగాకు కంపెనీలో పని ముగించుకుని వచ్చే తల్లులను అరుగు మీద కూర్చోబెట్టి సంతకం నేర్పేవారు. మా అమ్మ వేలిముద్ర మానింది ఆవిడ చలవ వల్లనే. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి బళ్లు తెరిచిన నాటి నుంచి ఇక్కడ గుడి, బడి కలిసే నడిచాయి. అయితే ఆ చరిత్రలో అయ్యగార్ల పేర్లు నిలిచినంతగా అమ్మగార్ల పేర్లు నిలవలేదన్నది నా బాధ. ఆవిడ శిష్యుల జ్ఞాపకాలను కూడా సేకరించి ప్రచురించవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను. కుటుంబ సభ్యులకు నా ప్రగాఢ సానుభూతి.