ఆయన్ని ఎవరూ ఏమీ అనరెందుకు?

మన తెలుగు సంఘం మీటింగులు అయ్యాక చాయ్ దగ్గర ఎప్పుడూ వినపడే మాట ఒకటుంది. "వాడు రోజూ లేటుగనే వస్తడు, ఒక్కరూ ఏమనరు. అదే నేనైతే మెమో చేతుల పెడ్తరు." ఇక్కడ మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలోనో బొగ్గు గనిలోనో పనిచేసే మనవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. నేనూ ఏడాది పైనే అన్నాను, అందుకే ఇది రాస్తున్నా.

అప్పుడు నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ ప్లాంటులో ఉన్నాను. నైట్ షిఫ్టు రాత్రి 10 నుంచి పొద్దున 6. ఆరింటికి నన్ను రిలీవ్ చెయ్యాల్సిన మనిషి ఆరున్నరకి, ఒక్కోరోజు ఆరూ ముప్పావుకి వచ్చేవాడు. ప్యాకర్ తిరుగుతుంటే, బయట లారీలు లైన్లో ఉంటే మిషన్ వదిలేసి పోలేం కదా. కంపెనీ బస్సు 6:15కి వెళ్లిపోయేది. ఇక కనురెప్పల మీద సిమెంటు పొడితో, ఖాళీ టిఫిన్ డబ్బాతో గేటు దాకా నడిచి, షేర్ ఆటో నిండేదాకా నిలబడి, రాజురాలో ఇంటికి చేరేసరికి పాప బడికి వెళ్లిపోయి ఉండేది. రాత్రంతా చేసిన పనికి లేని అలసట ఆ నలభై నిమిషాలకి వచ్చేది, ఒళ్లు మండిపోయేది.

ఎందుకు ఎవరూ ఏమనడం లేదో నాకు నేనే ఒక కారణం కట్టుకున్నాను. సూపర్‌వైజర్ మరాఠీ ఆయన, ఈయనా మరాఠీ ఆయనే, మనం తెలుగోళ్లం, ఇంకేముంది! దీన్ని పదిమందికి చెప్పాను కూడా. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేదని, ఇక్కడ ఎవరి ఇంట్లో ఏ భాష ఉందో పేరు చూసి చెప్పలేమని తెలిసీ చెప్పాను. లేటుగా వచ్చే ఆ మనిషి తల్లిది ఆసిఫాబాద్ వైపు, నాకంటే చక్కటి తెలుగు మాట్లాడతాడని గొడవ పడ్డ రోజే తెలిసింది.

ఆ రోజు నేను గట్టిగానే అన్నాను, నిన్ను అడిగేవాడే లేడని. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు: "అన్నా, పోయిన నెల నాలుగు దినాలు నేను పెండ్లికి పోయిన అనుకున్నవా? సస్పెండ్ చేసిన్రు. జీతం కోసిన్రు. ఇంట్ల చెప్పలే, డబ్బా కట్టించుకొని పొద్దుగూకే దాక బల్లార్షా స్టేషన్ల కూసున్న."

మేమందరం ఆయన మంచిర్యాలలో పెళ్లికి వెళ్లాడనే అనుకున్నాం. సెలవు కూడా దొరుకుతుంది చూడు ఈయనకి అని నేనే అన్నాను.

ఫ్యాక్టరీ గేటు పక్కన స్టాండింగ్ ఆర్డర్స్ బోర్డు ఉంటుంది, అంటే పనివాళ్లకి కంపెనీ పెట్టిన నియమాలు, తప్పులు, శిక్షలు రాసిన బోర్డు. అప్పుడు అమల్లో ఉన్న 1946 నాటి చట్టం ప్రకారం దాన్ని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలోనూ పెట్టాల్సి ఉండేది. మా దగ్గర రెండో భాష మరాఠీ, నేను ఏళ్ల తరబడి దాని ముందు నుంచే నడిచి ఎప్పుడూ ఆగలేదు. ఆ గొడవ తర్వాతే నిలబడి, మరాఠీ బాగా వచ్చిన ఒకాయన చేత చదివించుకున్నాను. పదే పదే లేటుగా రావడం తప్పుల జాబితాలో ఉంది, శిక్షగా ఒకసారికి నాలుగు రోజులు మించకుండా సస్పెండ్ చెయ్యవచ్చనీ ఉంది. ఉద్యోగం తియ్యాలంటే మాత్రం తప్పేమిటో రాసివ్వాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, ఎంక్వైరీ జరపాలి. ఇవన్నీ అయ్యేసరికి నెలలు పడతాయి. ఈలోగా బయట ఉన్న మనకి కనపడేది ఆయన మామూలుగా వచ్చిపోవడమే. ఎంక్వైరీ అయ్యేదాకా సస్పెన్షన్‌లో పెడితే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత, ఆలస్యం ఆయన వల్ల కాకపోతే, ముప్పావు జీతం ఇవ్వాలి. "ఇంట్లో కూసోబెట్టి జీతం ఇస్తున్నరు" అని మనవాళ్లు మండిపడేది దీనికే. తప్పు ఇంకా తేలలేదు కాబట్టి ఆయన పిల్లలు తినాలి, అందుకే ఇస్తారు. ఆ 1946 చట్టం స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ లెక్క మారలేదు.

ఆఫీసు ఇవన్నీ మనకి చెప్పదు, చెప్పకూడదు కూడా. రేపు నాకే మెమో వస్తే అది క్యాంటీన్‌లో చదవాలని నేను కోరుకోను.

మరి నా నలభై నిమిషాలో? అసలు నేను చేసిన తప్పు ఇక్కడుంది. ఆయనకి శిక్ష పడిందా లేదా అని ఏడాది పాటు కనిపెట్టుకుని కూర్చున్నాను గానీ, ఒక్క రోజు కూడా లాగ్‌బుక్‌లో "రిలీవర్ 6:40" అని రాయలేదు. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకి 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే రెట్టింపు రేటు ఇవ్వాల్సి ఉండేది. ఆరు రోజులు ఎనిమిదేసి గంటలంటేనే 48 అయిపోయాయి, ఆ పైన ప్రతి నిమిషం ఓటీనే (ఓవర్‌టైమ్). ఆ రాత ఉంటే సూపర్‌వైజర్‌ని "ఆయన్ని ఏం చేశారు" అని అడగక్కర్లేదు, "ఆరింటికి నన్ను ఎవరు వదిలిపెడతారు" అని అడిగితే చాలు. దానికి ఆయన జవాబు చెప్పి తీరాలి. తర్వాత నేను అదే చేశాను. మూడు వారాల్లో నా బదులు కంపెనీ బస్సుతో పనిలేని ఇంకో మనిషిని ఆ షిఫ్టుకి మార్చారు.

నిజంగా తప్పించుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు, నాయకుల చుట్టాలు, పై ఆఫీసర్ల మనుషులు. కాదనను. కానీ అంతకంటే పెద్ద తేడా మన కళ్ల ముందే ఉంటుంది, దాని గురించి మాట్లాడం. అదే ప్లాంటులో కాంట్రాక్టు మీద బస్తాలు ఎత్తే లోడర్ రెండు రోజులు లేటైతే మూడో రోజు గేటు దగ్గర పాస్ పని చెయ్యదు. మెమో లేదు, జవాబు లేదు, సగం జీతం అన్న మాటే లేదు. సిరోంచ నుంచీ ఆసిఫాబాద్ నుంచీ వచ్చే మన పిల్లలు చాలామంది ఆ లైన్లోనే నిలబడి ఉన్నారు. పర్మనెంటు మనిషికి ఎంక్వైరీ ఎందుకని కోప్పడటం కాదు, ఆ ఎంక్వైరీ లోడర్‌కి ఎందుకు లేదని మన సంఘం అడగాలి.

ఇంకో మాట పెద్దలు ఏమనుకోవద్దు. మనోడికి చార్జిషీటు వచ్చిందంటే సంఘం తరఫున మేనేజర్ దగ్గరికి వెళ్లి "ఈసారికి వదిలెయ్యండి" అని చెప్పించడం మనకి అలవాటైంది. అవతలి షిఫ్టులో వాడి కోసం ఎదురుచూసిన మనిషికి మనం అప్పుడు ఏమవుతాం? వాడు జవాబు రాసుకోవడానికి సాయం చేద్దాం, ఎంక్వైరీలో పక్కన కూర్చోవడానికి తెలిసిన తోటి పనివాణ్ణి చూసిపెడదాం. అంతవరకే.

ఆ బోర్డులో శిక్షల భాగం నేను నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాను, మూడు పేజీలైంది. ఆదివారాలు సంఘం గదిలోనే ఉంటాను, కావలసినవాళ్లు వచ్చి ఫోటో తీసుకోండి. లోడింగ్‌లో పనిచేసే పిల్లల్ని కూడా తీసుకురండి.