గ్రాఫిక్స్ డ్రైవర్ గారికి, చీకట్లోంచి

శ్రీయుత గ్రాఫిక్స్ డ్రైవర్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ కీబోర్డు, మౌసు, ఫ్యాను అందరూ క్షేమం. కార్డు చేత బొమ్మ గీయించే మీరు పడిపోయారు కాబట్టి స్క్రీన్ ఒక్కటే లేదు. పై మూలన చిన్న గీత మాత్రం కొట్టుకుంటోంది కాబట్టి ప్రాణం ఉందనే అనుకుంటున్నాం. అందుకే ఈ ఉత్తరం ఫోన్‌లో రాస్తున్నాను.

మీ ఇంటిపేరు ఇక్కడ ఎత్తను. గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద మెరిసే అక్షరాలతో ఉంది, చాలు.

నేను లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చిందే ఏదీ దాపరికం ఉండకూడదని. ఇక్కడ ప్రతిదాని సోర్సూ, అంటే రాసిన కోడంతా, విప్పి చూసుకోవచ్చు. ఇన్నేళ్లలో ఒక్క లైనూ చదవలేదనుకోండి, అది వేరే సంగతి. కావాలంటే చదవొచ్చన్న ధీమా ఉంది కదా! ఆ ధీమా మీ గుమ్మం దాకానే. మీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఏ మంత్రం ఎందుకో తెలియకుండా చదవడమే.

మీకంటే ముందు ఇక్కడ నూవో అనే కుర్రాడు పనిచేసేవాడు. మీ వాళ్లు కార్డు వివరాలు చెప్పకపోతే, అది ఏం చేస్తోందో గమనించి గమనించి బయటివాళ్లు రాసిన డ్రైవర్ అతను. నెమ్మది మనిషి. చాలా కార్డుల్లో వేగం పెంచాలంటే మీ వాళ్లు సంతకం చేసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) కావాలి, అది చేతిలో లేక పాపం అలాగే ఈడ్చేవాడు. అయినా బొమ్మ కనపడేది! మీరు రావాలంటే అతన్ని బ్లాక్‌లిస్టులో, అంటే లోపలికి రానివ్వకూడని వాళ్ల జాబితాలో, పెట్టాలన్నారు. పెట్టాను. బూట్ మొదట్లో వాడే ఫైళ్ల మూట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా మళ్లీ కట్టకపోతే బూట్ సమయంలోనే అతను మీకంటే ముందొచ్చి కార్డు పట్టుకు కూర్చుంటాడని తెలియక ఒక పూట పోయింది.

మొదటిసారి మిమ్మల్ని ఇన్‌స్టాల్ చేసే డాట్ రన్ ఫైలు దించుకుని నడిపాను. ఎక్స్ సర్వర్ నడుస్తున్నట్టుంది, ఆపేసి రమ్మన్నారు. అయ్యా, అదే నా డెస్క్‌టాప్. దాన్ని ఎలా ఆపాలో రాసిన పేజీ ఉన్నదీ ఆ డెస్క్‌టాప్‌లోనే. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, నల్లటి కన్సోల్‌లో అక్షరం అక్షరం కొట్టాను. లినక్స్‌కు గుండెకాయ కెర్నెల్, మిమ్మల్ని దానికి తగ్గట్టు కట్టడానికి కావలసిన దాని హెడర్ ఫైళ్లు లేవన్నారు. తెచ్చాను. లైసెన్సుకు ఒప్పుకుంటారా అన్నారు. కళ్లకు గంతలు కట్టుకుని నిలబడ్డవాణ్ణి, ఏం చూసి కాదంటాను?

తర్వాత తెలిసినవాళ్లు చీవాట్లు పెట్టారు. ఆ రన్ ఫైలు జోలికి పోకుండా డిస్ట్రో వాళ్ల (లినక్స్‌ను మూటకట్టి ఇచ్చేవాళ్ల) ప్యాకేజీ వేసుకోవాలట. బుద్ధిగా అదీ వేసుకున్నాను, పాతది తీయకుండా. దాంతో మీరు ఇద్దరయ్యారు. కెర్నెల్లో కూర్చునే మీ ముక్క మాడ్యూల్‌ది ఒక వెర్షను, పైన లైబ్రరీది ఇంకో వెర్షను. ఒకే కడుపున పుట్టి ఒకరితో ఒకరికి మాటల్లేవు. మీ పంచాయితీ తేలేదాకా ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ పేరుతో ప్రాసెసరే బొమ్మలన్నీ చేత్తో గీసింది. కిటికీ జరిపితే ఫ్యాను ఆయాసపడేది.

ఇక సంతకం లేని కోడును ఆపే సెక్యూర్ బూట్ ముచ్చట. మీకు సంతకం లేదు కాబట్టి కెర్నెల్ లోపలికి రానివ్వదు, 'కీ తిరస్కరించబడింది' అంటుంది. దానికి విరుగుడు మెషిన్ ఓనర్ కీ, అంటే మీకు నేనే సంతకం పెట్టుకునే తాళంచెవి. ఆ పేరు చదివి కొంచెం పొంగిపోయాను, ఈ యంత్రానికి ఓనర్ నేనే అని ఒకరైనా ఒప్పుకున్నారని. పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టాను. రీస్టార్ట్ చేయమంది, చేసి మంచినీళ్ల కోసం లేచాను. ఆ కీని ఒప్పుకోవాలా అని అడిగే నీలం తెర సరిగ్గా 10 సెకన్లు ఉంటుందట. ఓనర్ ఏదైనా మీట నొక్కకపోతే మౌనంగా వెళ్లిపోతుంది. నేను వచ్చేసరికి వెళ్లిపోయింది. రెండోసారి కదలకుండా కూర్చున్నాను, పాస్‌వర్డ్ మర్చిపోయాను. మూడోసారికి ఓనర్‌నయ్యాను.

మీరు లోపలికి అడుగుపెట్టగానే కెర్నెల్ ఏం చేసిందో తెలుసా? మైల పడ్డానని రాసుకుంది. మూసిన లైసెన్సుకు 1, బయటి మాడ్యూల్ అయినందుకు 4096, సంతకం సరిగా లేకపోతే ఇంకో 8192. తొలి ప్రయత్నంలో సెక్యూర్ బూట్ ఆపేసి నడిపినప్పుడు నా లెక్క 12289 తేలింది. పరీక్షల్లో కూడా నాకెప్పుడూ ఇన్ని మార్కులు రాలేదు.

తప్పంతా మీదే అంటే నా నోరు పడిపోతుంది. కెర్నెల్ వాళ్లు లోపలి ఇంటర్‌ఫేస్ మార్చకుండా ఉంచుతామని ఏనాడూ మాటివ్వలేదు. మారిస్తే, తమ సోర్సులో ఉన్న డ్రైవర్లన్నిటినీ వాళ్లే సరిచేసుకుంటారు. బయట ఉన్నవాళ్లు బయటే పరిగెత్తాలి. లోపలికి రండి అంటే మీకు గుట్టు బయటపడుతుందని భయం. 2022లో మీ వాళ్లు కెర్నెల్ మాడ్యూల్ సోర్సు బయటపెట్టారంటే సంబరపడ్డాను. తీరా చూస్తే వరండా తెరిచి గదులకు తాళాలు వేశారు. పైగా ఆ వరండాలోకి కూడా పాత కార్డులకు ప్రవేశం లేదు.

మధ్యలో ఒకరోజు అంతా బాగైంది. ఆ రోజు గ్రబ్ అనే బూట్ మెనూలో నోమోడ్‌సెట్ అన్న ఆప్షన్ తీశాను, ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ అన్న సెట్టింగుల ఫైలు చెరిపాను, ప్యాకేజీ పీకి మళ్లీ వేశాను, కేబుల్ ఊడదీసి పెట్టాను. వీటిలో ఏది పనిచేసిందో ఇప్పటికీ తెలియదు. అన్నిటినీ వరసగా ఒక ఫైల్లో రాసుకున్నాను. కేబుల్ ఊడదీయడం కూడా ఉంది అందులో. తీసేయడానికి ధైర్యం చాలదు. సోర్సు చదువుతానన్న ధీమా మనిషినండీ నేను!

ఈ పొద్దున కొత్త కెర్నెల్ వచ్చింది. కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూళ్లను మళ్లీ కట్టే డీకేఎమ్‌ఎస్ మిమ్మల్ని దానికి తగ్గట్టు కట్టబోయి, కుదరక, లాగ్‌లో ఎర్రర్ రాసి తప్పుకుంది. ఆ లాగ్ చదవడానికి స్క్రీన్ కావాలి. గ్రబ్‌లో పాత కెర్నెల్ ఇంకా ఉంది, దేవుడు మేలు చేశాడు. ఇక దాంట్లోకే పోతాను.

ఒక్క విన్నపం. ఈసారి పడిపోయేటప్పుడు ఎందుకు పడిపోతున్నారో ఒక్క ముక్క స్క్రీన్ మీద రాసి పడండి. కుదరదంటే, ఎందుకు కుదరదో నాకూ అర్థమవుతుందిలెండి.

ఇట్లు,
మెషిన్ ఓనర్